నల్లపిల్లలన్నీ కడక్‌నాథ్‌లేనా?

దాణా కొట్టు ముందు అట్టపెట్టెలో కిచకిచమనే కోడిపిల్లలను ఇప్పుడు జాతి పేరు చెప్పి అమ్ముతున్నారు. నల్లవి కడక్‌నాథ్, కాళ్లు పొడుగున్నవి అసీల్, మిగతావన్నీ నాటు. ధర కూడా ఆ పేరును బట్టే. కొనేవాళ్లు ముందు చూసేది రంగు, అన్నిటికన్నా తక్కువ నమ్మదగింది కూడా అదే. పందెంరాయుళ్లు కాకి, డేగ, సేతు, నెమలి అని విడివిడిగా పిలిచే రంగులన్నీ ఒక్క అసీల్‌లోనే కనిపిస్తాయి. పైగా ఒంటిమీది నూగు కొన్ని వారాల్లో రాలిపోయి, ఈకలు వేరే రంగులో రావచ్చు. గులాబీ, ఆకుపచ్చ పిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు, గుడ్లకోళ్ల హేచరీలకు అక్కరకు రాని పుంజుపిల్లలను రంగులో ముంచి అమ్మేవే అవి ఎక్కువగా. కాస్త తెలిసినవాళ్లు రంగు వదిలేసి తురాయి, నోరు, అరికాలు చూస్తారు. ఆ చూపు సరైనదే. అయితే దానికీ ఒక హద్దుంది: గుర్తు లేకపోతే ఆ జాతి కాదని చెప్పొచ్చు గానీ, ఉన్నంత మాత్రాన ఆ జాతేనని చెప్పలేం.

కారణం వంశపారంపర్యంలోనే ఉంది. మనం గట్టిగా నమ్మే గుర్తులు చాలావరకు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చినా పైకి తేలేవే. అసీల్ తురాయి రంపపు పళ్లలా నిటారుగా లేవదు, మూడు వరసల చిన్న బుడిపెలుగా తలకు అతుక్కుని ఉంటుంది. తల్లి మామూలు పెట్ట అయినా అసీల్ పుంజుకు పుట్టిన పిల్లలకు దాదాపు అలాంటి తురాయే వస్తుంది. నలుపు కథ ఇంకా చిత్రం. చర్మం, మాంసం కూడా నల్లగా ఉండే సిల్కీ కోళ్లను గోధుమరంగు లెగ్‌హార్న్‌లతో కలిపి జన్యుశాస్త్రవేత్తలు బేట్సన్, పన్నెట్ చేసిన ప్రయోగాలు 1911లో అచ్చయ్యాయి. సిల్కీ పుంజును లెగ్‌హార్న్ పెట్టతో కలిపితే, పుట్టిన పెట్టలు తండ్రిలాగే ముదురు నలుపు, పుంజులు మాత్రం లేతగా వచ్చాయి. సిల్కీనీ కడక్‌నాథ్‌నూ నల్లగా చేసేది ఒకే జన్యుమార్పు. అంటే తల్లి నాటుదైనా, కడక్‌నాథ్ పుంజుకు పుట్టిన పెట్టపిల్ల అరికాలితో సహా నల్లగా ఉండవచ్చు. అది చూసి అసలు జాతేననుకునేవాణ్ణి తప్పుపట్టలేం.

ఏళ్లతరబడి కోళ్లు పెంచినవాళ్లు చూడగానే చెప్పేస్తారు కదా అనొచ్చు. చెప్తారు, కాకపోతే వాళ్లలో చాలామందికి ఆ పిల్లల తల్లిదండ్రులు ముందే తెలుసు. వాళ్ల చేతికి ఊరూపేరూ లేని పెట్టె ఇచ్చి చూస్తే, వాళ్లూ కొట్టిపారేయడంలోనే గట్టివాళ్లు: అరికాలు లేత గులాబీ, నోరు ఎరుపు ఉంటే ఇది ఆస్ట్రలార్ప్ లాంటి నల్ల ఈకల కోడి, కడక్‌నాథ్ కాదు అంటారు. అంతవరకు తిరుగులేదు. గుడ్డు పెట్టి, కూరకొస్తే చాలదా, జాతి గొడవెందుకు అనేవాళ్లూ ఉన్నారు. పెరట్లో నాలుగు కోళ్లు పెంచుకునేవాళ్లకు నిజంగానే అక్కర్లేదు. హైదరాబాద్ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా జాతిశుద్ధి కోసం పుట్టింది కాదు, పెరటి పెంపకానికి పనికొచ్చే సంకరం. దాని పిల్లలను మళ్లీ మళ్లీ పొదిగించుకుంటూ పోతే మొదటి కోళ్ల బరువు, గుడ్లు నిలవవని తెలిసుంటే చాలు. కడక్‌నాథ్ పేరున పిల్లలు తీయించి అమ్ముదామనుకునేవాడికి మాత్రం ఇది డబ్బుతో పని. సంకరం గుట్టు రెండో తరంలో బయటపడుతుంది, నల్ల కోళ్ల గుడ్లలోంచి తెల్ల కాళ్ల పిల్లలు దిగుతాయి. అప్పటికి దాణా ఖర్చు అయిపోయి ఉంటుంది.

అందుకే ఒక్కో పిల్లను పట్టి చూడడం కన్నా పెట్టె మొత్తాన్ని చూడడం మేలు. తల్లిదండ్రుల మందను చూపించమని అడగాలి, చూపించలేకపోతే గుడ్లు ఎక్కడివో అడగాలి. ముప్పై నల్లపిల్లల్లో రెండు లేత కాళ్లవి కనిపిస్తే ఆ రెండూ పక్కన పెట్టి మిగతావి తీసుకొమ్మంటాడు అమ్మేవాడు. ఒకే మంద గుడ్లయితే, ఆ రెండూ పక్కనున్న ఇరవై ఎనిమిదింటి పుట్టుక మీద కూడా అనుమానం తెచ్చినట్టే.