బ్యాటరీ మార్చే ముందు ఒక్క రాత్రి ఆగండి

ఈసారి మల్బరీ ఆకు గురించి కాదు, గూళ్లు మోసే బండి గురించి.

మేము ముగ్గురం రైతులం కలిసి వి.కోట నుంచి రామనగరం మార్కెట్‌కు పట్టుగూళ్లు తీసుకుపోతున్నాం. తెల్లారేలోపే బెంగళూరు దాటేయొచ్చని రాత్రికి వైట్‌ఫీల్డ్‌లో మా బంధువుల అపార్ట్‌మెంట్ కింద పికప్ ఆపుకున్నాం. నాలుగింటికి తాళం తిప్పితే టక్ టక్ అన్న శబ్దమే. సంచుల్లో గూళ్లు వేడెక్కుతున్నాయి. సెక్యూరిటీ అతను ఎవరినో లేపి జంపర్ వైర్లు పెట్టించేసరికి ఆరు దాటింది. ట్రాఫిక్‌లో చిక్కుకుని, ఎండెక్కాక చేరాం. గూళ్లు చెమ్మగిల్లాయి, ధర తగ్గింది.

మెకానిక్ చూసి "నాలుగేళ్ల బ్యాటరీ, మార్చేయండి" అన్నాడు. మార్చాం. తర్వాతి పంటలో పురుగు నాలుగో జ్వరం లేచాక షెడ్డు వదిలే తీరిక ఎవరికీ లేదు. బండి నాలుగు రోజులు కదల్లేదు. కొత్త బ్యాటరీ కూడా చచ్చింది!

పురుగు మేత మానేస్తే ఆకు దోషమా, రోగమా అని ముందు విడదీసి చూస్తాం కదా. బండి దగ్గర మాత్రం ఆ పని చేయలేదు. కారుకైనా పికప్‌కైనా పద్ధతి ఒకటే.

1. ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీ మీద సుమారు 13.8 నుంచి 14.4 వోల్టులు ఉండాలి. 13 కూడా రాకపోతే చార్జింగ్ సరిగ్గా అవడం లేదు.

2. నిండా చార్జయిన బ్యాటరీ, బండి ఆపిన కొన్ని గంటలకు 12.6 దగ్గర ఉంటుంది. అప్పుడు మైనస్ వైరు ఊడదీసి పడుకోండి. తెల్లారేసరికి బాగా దిగిపోతే బ్యాటరీదే తప్పు. అలాగే ఉంటే బండిలో ఏదో కరెంటు తాగుతోంది.

3. అదేమిటో తెలియాలంటే మల్టీమీటరును 10 ఆంపియర్ల మీద పెట్టి, ఊడదీసిన మైనస్ వైరుకూ బ్యాటరీకీ మధ్య కలపండి. తలుపులు మూసి అరగంట ఆగండి. మామూలుగా 0.05 ఆంపియర్ లోపే ఉండాలి. మీటరు ఉండగా తాళం తిప్పకండి, మీటరు పాడవుతుంది.

4. ఎక్కువ చూపిస్తే ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ మీటరు చూడండి. ఏది తీస్తే అంకె పడిపోతుందో ఆ లైన్లోనే దొంగ ఉన్నట్టు.

మా బండికి 0.8 వచ్చింది. ఫ్యూజులన్నీ తీసినా అంకె కదల్లేదు. బ్యాటరీ నుంచి నేరుగా పోయిన ఒక వైరు పట్టుకుని వెళ్తే సీటు కింద ఇన్వర్టర్ దొరికింది. గూళ్లకు గాలి తగలాలని ఫ్యాను కోసం మేమే పెట్టించుకున్నది! ఫ్యాను ఆపేవాళ్లం, ఇన్వర్టర్ ఆపేవాళ్లం కాదు. 0.8 చొప్పున నాలుగు రోజులంటే సుమారు 77 ఆంపియర్ అవర్లు. మా బ్యాటరీ మొత్తం 65. ఇంకేం మిగుల్తుంది?

ఇప్పుడు తాళం తీస్తే ఇన్వర్టరూ ఆగేలా రిలే, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టించాం. మీ బండిలో పాటల పెట్టె, జీపీఎస్, లైట్లు ఏవైనా నేరుగా బ్యాటరీకి కలిపారా? గూళ్లు ఎత్తే రోజుకు ముందే ఒకసారి చూసుకోండి. ఏం దొరికిందో గ్రూపులో రాయండి.