నల్లరాతి దీవిలో నాలుగు రోజులు

మేము మారిషస్ వెళ్ళి వచ్చామని తెలిసినప్పటి నుంచి మా క్వార్టర్ల వాడలో అందరూ సముద్రం గురించే అడుగుతున్నారు. నీళ్ళు నిజంగా అంత నీలంగా ఉంటాయా, ఇసుక అంత తెల్లగా ఉంటుందా అని. ఉంటాయి, ఉంటుంది. సముద్రం సంగతి ఫోటోల్లో చూడవచ్చు. మేము రాయదలచుకున్నది అక్కడి రోడ్ల గురించి, ఆ రోడ్ల పక్కన ఉన్న రాళ్ళ గురించి.

మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగరీత్యా అక్కడ ఉంటున్నారు. పోయిన ఏడాది అక్టోబరులో రమ్మని టికెట్లు పంపారు. వెళ్దామంటే మా వారు ఒప్పుకోలేదు. గోదావరిఖని గనుల్లో బదిలీ ఫిల్లరుగా చేరి, 34 ఏళ్ళు చేసి దిగిపోయిన మనిషి. రిటైరైన దగ్గర నుంచి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చోవడం తప్ప ఎక్కడికీ కదలరు, ఎవరితోనూ పెద్దగా మాట్లాడరు. "రాళ్ళు, గుట్టలు చూసెటందుకు అంత దూరం పోవాల్నా? ఇక్కడ ఓ.బి. గుట్టలు లేవా?" అన్నారు. చివరికి ఆదివారం ఆరాధన అయ్యాక మా పాస్టరుగారు నాలుగు మాటలు చెబితేగాని సంచి సర్దలేదు.

బొంబాయి నుంచి విమానంలో ఆరు గంటల పైచిలుకు ప్రయాణం. మన గడియారం కంటే అక్కడ గంటన్నర వెనక. దీవి చాలా చిన్నది. ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 65 కిలోమీటర్లు, అడ్డంగా 45. అంటే మా ఊరి నుంచి కరీంనగర్ వెళ్ళేటంత దూరంలో దేశం అయిపోతుంది! మనలాగే ఎడమ పక్కన నడుపుతారు కాబట్టి అల్లుడికి ఇబ్బంది లేదు. రోడ్లు సన్నం, మలుపులు ఎక్కువ. రోడ్డుకు రెండు పక్కలా చెరుకు. ఆ నెలల్లో చెరుకు కొట్టుడు కాబట్టి లారీల వెనక నెమ్మదిగా పోవలసి వచ్చింది. అదీ మంచిదే అయింది, తీరికగా చూశాము.

మొదటి రోజు క్యూర్‌పీప్ పట్టణం మీద ఉన్న త్రూ ఓ సెర్ఫ్ అనే చోటికి తీసుకుపోయారు. అది చల్లారిపోయిన అగ్నిపర్వతం నోరు. గిన్నెలా గుండ్రంగా, 300 మీటర్లకు పైగా వెడల్పు, 80 మీటర్ల లోతు. లోపలి వాలంతా చెట్లు, అడుగున బురద, కాసిని నీళ్ళు. దాని అంచు చుట్టూ తారురోడ్డు వేశారు, ఒక్క చుట్టు తిరిగితే దీవిలోని కొండలన్నీ వరుసగా కనిపిస్తాయి. ఆ కొండలు మన గుట్టల్లా గుండ్రంగా ఉండవు. కోరల్లా, వేళ్ళలా, విరిగిన గోడల్లా నిలబడి ఉంటాయి. పాత అగ్నిపర్వతాలు అరిగి మిగిలిన ముక్కలట అవి.

అక్కడ అల్లుడు చెప్పిన సంగతి మాకు ఆశ్చర్యం కలిగించింది. శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారం ఆ దీవి సముద్రంలోంచి పైకి లేచింది 80, 90 లక్షల ఏళ్ళ క్రితం. భూమి అడుగున ఒకే చోట ఉండే ఒక వేడి ఊట దాన్ని లేపింది. నేల పలక మెల్లగా ఉత్తరానికి జరుగుతుంటే, కింది వేడి మాత్రం ఉన్నచోటనే ఉండి వరుసగా దీవులను పుట్టించిందట. ఇప్పుడు ఆ వేడి మారిషస్ పక్కనున్న రీయూనియన్ దీవి కింద ఉంది, అక్కడి కొండ ఈనాటికీ నిప్పులు కక్కుతూనే ఉంటుంది. ఇంకా వెనక్కి వెళ్తే మాల్దీవులు, లక్షద్వీపాలు. ఇంకా వెనక్కి, 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ నాడు, అదే వేడి మన దక్కను మీద పొంగి పారింది. ఆదిలాబాద్ దిక్కు నల్లరాయి, పత్తి పండే నల్లరేగడి దాని మిగులే. మన బొగ్గు ఇంకా పాతది, 25 కోట్ల ఏళ్ళు దాటినది. మేము నిర్మల్ వెళ్తూ చూసే నల్లరాయీ, ఇన్ని సముద్రాలు దాటి వచ్చి చూస్తున్న నల్లరాయీ ఒక్క పొయ్యిలోనివే! మా వారు కిందికి వంగి ఒక రాయి ముక్క తీసి, బొగ్గు చూసినట్టు బరువు చూసి, "గట్టిది" అని మళ్ళీ అక్కడే పెట్టారు. ఆ రోజుకు ఆయన మాట్లాడింది అంతే.

రెండో రోజు కొండదారి. ప్లేన్ షాంపేన్ మీదుగా నల్లనది కనుమల పక్కనుంచి వెళ్తుంది. 1994 నుంచి అది జాతీయ వనం. రోడ్డు పక్కన కారాపి నాలుగడుగులు నడిస్తే కింద లోయ, లోయనిండా అడవి, దూరాన తెల్లదారంలా జలపాతాలు, ఆ వెనక సముద్రం. డోడో పక్షి ఈ దీవిదే, మనుషులు వచ్చిన కొద్దికాలానికే నశించింది. ఇక్కడి చిన్న డేగ ఒకటి 1974లో లోకం మొత్తం మీద నాలుగే మిగిలాయట. దయగల మనుషులు గుడ్లు పొదిగించి మళ్ళీ వందల్లోకి తెచ్చారు.

అక్కడి నుంచి షమరెల్. ఏడు రంగుల మట్టి అంటే ఏదో కొంచెం ఉంటుంది, మిగతాది చెప్పుకోవడం అనుకున్నాము. నిజంగానే ఎరుపు, గోధుమ, ఊదా, పసుపు రంగుల మట్టి దిబ్బలు అలలు అలలుగా ఉన్నాయి. నల్లరాయే లక్షల ఏళ్ళు ఎండకూ వానకూ కుళ్ళి మట్టి అయిందనీ, అందులోని ఇనుము, అల్యూమినియం వల్ల రంగులు విడిపోయాయనీ చెప్పారు. కంచె ఇవతల నిలబడి చూడాలి, తొక్కనివ్వరు. పిల్లలకు ఇది బాగా నచ్చుతుంది. పెద్దలకు పది నిమిషాలు చాలు.

షమరెల్ నుంచి కాజ్ నొయాల్‌కు దిగే దారి మాత్రం మరచిపోలేము. ఒక్కొక్క మలుపు తిరగగానే సముద్రం ఒకసారి కుడిచేతికి, ఒకసారి ఎడమచేతికి. దిగాక ఎదురుగా ల మోర్న్ కొండ, 556 మీటర్ల ఒంటి బండ, సముద్రంలోకి అడుగుపెట్టినట్టు ఉంటుంది. ఆ కొండ నెత్తిన పారిపోయిన బానిసలు దాక్కునేవారు. 1835 ఫిబ్రవరి 1న అక్కడ బానిసత్వం రద్దయింది. ఆ కబురు చెప్పడానికి సిపాయిలు కొండ ఎక్కుతుంటే, తమను పట్టుకోవడానికే వస్తున్నారనుకుని పైనున్నవాళ్ళు కిందికి దూకేశారని అక్కడి జనం చెప్పుకుంటారు. విడుదల వార్త తెచ్చేవాడిని చూసి భయపడి చచ్చిపోవడం! మా అమ్మాయి ఆ కథ చెబుతుంటే కారులో ఎవరమూ మాట్లాడలేదు. 2008లో యునెస్కో ఆ కొండను ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది.

తర్వాత దక్షిణపు తీరం దారి. మకోండే దగ్గర రోడ్డు నల్లబండ చుట్టూ సముద్రానికి ఆనుకుని తిరుగుతుంది. సుయాక్ ఊరి దగ్గర గ్రీ గ్రీలో పగడపు దిబ్బల కట్ట తెగిపోయి ఉంటుంది కాబట్టి అలలు నేరుగా వచ్చి బండలను కొడతాయి. మిగతా తీరమంతా చెరువులా నిదానంగా ఉండే సముద్రం ఇక్కడ నిజంగా సముద్రంలా కనిపించింది. ఆ దగ్గరే రోచెస్టర్ జలపాతం. అక్కడ రాయి దుంగలు దుంగలుగా నిలబడి ఉంది. గనిలో పైకప్పుకు దుంగలు ఆనించినట్టుందని మా వారు మొదటిసారి తనంతట తాను అమ్మాయిని పిలిచి చూపించారు.

ఆ సాయంత్రం తిరిగి వస్తుండగా జరిగినదే మేము ఈ వ్యాసం రాయడానికి కారణం.

చెరుకు కొట్టేసిన పొలాల మధ్య పెద్ద పెద్ద రాళ్ళ కుప్పలు కనిపిస్తున్నాయి. కొన్ని మనిషి ఎత్తు, కొన్ని మేడ ఎత్తు. కొన్ని గోడల్లా పేర్చినవి, కొన్ని మెట్లు మెట్లుగా కట్టినవి. రెండు రోజులుగా చూస్తూనే ఉన్నాము, ఏవో కోటలనుకున్నాము. మా వారు "బండి ఆపు బాబూ" అన్నారు. దిగి పొలం గట్టు మీద నిలబడి, "గిన్ని రాళ్ళు ఎవలు మోసిన్రు?" అని అడిగారు.

అల్లుడు చెప్పాడు. ఆ నేలంతా పైన రాయే. రాయి తీస్తేగాని చెరుకు పెట్టలేరు. ముందు బానిసలు, వారి తర్వాత మన దేశం నుంచి ఒప్పందం మీద వచ్చిన కూలీలు చేతులతో ఏరి, నెత్తిన మోసి పోసిన కుప్పలు అవి. ఈ మధ్య యంత్రాలు వచ్చి చాలా తీసేశారు. అయిదేళ్ళ ఒప్పందం, మగవాడికి నెలకు అయిదు రూపాయలు. ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు.

"ఒక్క నాగాకు రెండు మస్టర్లా?" అన్నారు మా వారు. సింగరేణి వాళ్ళకు మస్టరంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. "పైన చూసెటోడు ఎవడు?"

"సర్దార్ అనేవాళ్ళు మామా."

ఆయన నవ్వారు. మన గనిలో కూడా పని చూసేవాడి పేరు సర్దారే కదా!

అక్కడే గట్టు మీద కూర్చుని మొదలుపెట్టారు. తట్టా చెమ్మస్ పట్టుకుని మొదటి రోజు ఎట్లా దిగారో, టబ్బుల లెక్కన కూలి ఉన్నప్పుడు టబ్బు నిండకపోతే ఎట్లా ఉండేదో, చేతులు పుండ్లయితే తోటివాళ్ళు తమ టబ్బులోని బొగ్గు తట్టెడు ఇటు ఎట్లా పోసేవారో, పైకప్పు చిటపటమంటే ఎట్లా పరుగెత్తేవారో. మా అమ్మాయి హన్మకొండ హాస్టల్లో ఉండి చదివింది. సెలవులకు వచ్చినప్పుడు బాపు రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునేవాడు. ఇన్నేళ్ళలో బాపు ఏ పని చేశాడో దానికి "సింగరేణి" అన్న ఒక్క మాటే తెలుసు. "ఇదంతా ఎన్నడూ చెప్పలేదేం బాపూ?" అంది. "మీరు అడగలే" అన్నారాయన. చీకటి పడి దోమలు కుడుతుంటేగాని కారెక్కలేదు.

మూడో రోజు ఆయనే ముందు తయారయ్యారు. ఆ కూలీలు దిగిన రేవు చూడాలన్నారు. పోర్ట్ లూయిలో దాని పేరు ఆప్రవాసీ ఘాట్. 1834 నుంచి 1920 దాకా దాదాపు 5 లక్షల మంది ఆ దీవికి వచ్చారు. పడవ దిగి ఎక్కిన 16 రాతిమెట్లు ఇంకా ఉన్నాయి. అవీ నల్లరాయే. 2006లో యునెస్కో గుర్తింపు వచ్చింది. వచ్చినవారిలో మన గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాలవారు ఎందరో. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్ళను కోరింగీలని పిలిచేవారు. వారి సంతతి 1947లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. ఉగాదికి ఆ దేశంలో అందరికీ సెలవు.

అదే ఊళ్ళో సెంట్ క్రువాలో ఫాదర్ లవాల్ సమాధి ఉంది. ఫ్రాన్సులో వైద్యుడై, తర్వాత గురువై, 1841లో వచ్చి, విడుదలైన బానిసల భాష నేర్చుకుని వారి మధ్యే బ్రతికాడు. 1864లో చనిపోయాడు. ఏటా సెప్టెంబరులో అన్ని మతాలవారూ ఆయన సమాధికి రాత్రంతా నడిచి వస్తారట. మాకు అక్కడ కాసేపు మౌనంగా కూర్చోవాలనిపించింది.

నాలుగో రోజు ఆదివారం. ఉత్తరపు కొనలో, కప్ మలేరో అనే చోట ఎర్ర కప్పు చిన్న గుడి సముద్రపు ఒడ్డునే ఉంటుంది. భాష తెలియకపోయినా ప్రార్థనలో మాతో పాటు కూర్చోబెట్టుకున్నారు. మధ్యాహ్నం అమ్మాయి వాళ్ళకు తెలిసిన ఒక తెలుగు పెద్దాయన ఇంటికి వెళ్ళాము. మాట్లాడేది క్రియోలు. తెలుగులో కొన్ని పాటలు, కొన్ని మాటలు తెలుసు. దాల్ పూరీలు పెట్టారు. తియ్యదనం తీసేసిన బొబ్బట్టు అనుకోండి.

తిన్నాక ఆయన బీరువాలోంచి ఒక కాగితం తెచ్చారు. ముత్తాత దిగిన నాటి రికార్డు నకలు. అటువంటి రికార్డులను అక్కడి మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రపరిచారు. పేరు ఉంది, వయసు ఉంది, ఓడ పేరు ఉంది, ఒక నంబరు ఉంది. జిల్లా విశాఖపట్నం. ఊరి పేరు మాత్రం తెల్లదొర గుమాస్తా చెవికి వినపడినట్టు రాసుకున్నాడు. "మీరు చదివి చెప్పండి, ఇది ఏ ఊరు?" అని అడిగారు. మేము నలుగురం చదివాము. ఒక్కొక్కరికి ఒక్కో విధంగా వచ్చింది. మా వారు కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు ఆ అక్షరాలు కూడబలుక్కున్నారు. తేలలేదు. పెద్దాయన నిరుత్సాహపడలేదు, చాలామందిని అడిగి అలవాటైనట్టుంది. ఒక నకలు మాకిచ్చారు.

వెళ్ళదలచినవారికి రెండు మాటలు. మనవారికి ముందుగా వీసా అక్కరలేదు, దిగాక ఇస్తారు. మే నుంచి నవంబరు దాకా బాగుంటుంది. జనవరి, ఫిబ్రవరుల్లో తుఫానుల భయం. కొండదారుల్లో కడుపులో తిప్పేవారు నిమ్మకాయ దగ్గర పెట్టుకోవాలి. క్యూర్‌పీప్ మీద ఎప్పుడైనా వాన పడవచ్చు కాబట్టి గొడుగు మరచిపోవద్దు.

మా వారు ఇప్పుడు సాయంత్రాలు ఆ కాగితం ముందు పెట్టుకుని శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ళు కనిపిస్తే పిలిచి చదివిస్తున్నారు. ఇప్పటికి ఐదు ఊళ్ళ పేర్లు రాసుకున్నారు. అమ్మాయి ఆదివారం ఫోను చేసినప్పుడు ముందు దాని గురించే అడుగుతుంది, తర్వాత గని కథలు.