సైకిలు ఎవరికి, ఎంత దూరానికి? లాభనష్టాల లెక్క

బడులు తెరిచే రోజులు దగ్గరపడితే మన ఇళ్లలో రెండు లెక్కలు మొదలవుతాయి. ఒకటి ఖర్చు లెక్క, రెండోది దూరం లెక్క. హోసూరు చుట్టుపక్కల ఒక పల్లెలో ఎనిమిదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివిన అమ్మాయి ఉందనుకోండి. ఊరి బడిలో తొమ్మిదో తరగతి లేదు. తెలుగు చెప్పే ఉన్నత పాఠశాల నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో ఉంది. బస్సు వేళకూ బడి గంటకూ పొంతన కుదరదు. నాన్న రోజూ దింపి రావాలంటే పని చెడుతుంది. అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు అంటారు: "దగ్గర్లో ఏ బడి ఉంటే అందులో వేసేద్దాం. తెలుగు ఇంట్లో మాట్లాడుతుందిలే."

ఆ పిల్ల తెలుగు చదువు అక్కడితో ఆగిపోతుంది. తెలుగు మీద ప్రేమ లేక కాదు, ఆ నాలుగున్నర కిలోమీటర్లు దాటే దారి దొరకక. అటు రాయచూరు, బళ్లారి వైపైనా, ఇటు బ్రహ్మపురం, పర్లాకిమిడి వైపైనా తెలుగు బడి కొద్ది చోట్లే ఉంటుంది కాబట్టి, మన పిల్లలకు బడి దూరం తరచూ మిగతా పిల్లల కంటే ఎక్కువే. అందుకే సైకిలు సంగతి మనకు ఆరోగ్యం కబురు మాత్రమే కాదు. అలాగని సైకిలు అన్నిటికీ మందూ కాదు. మంచీ చెడూ రెండూ చూద్దాం.

ఎంత దూరానికి పనికొస్తుంది?

మామూలు సైకిలు మీద ఊరి రోడ్డున గంటకు 12 నుంచి 15 కిలోమీటర్లు హాయిగా పోవచ్చు. అంటే నాలుగున్నర కిలోమీటర్లకు పద్దెనిమిది నుంచి ఇరవై రెండు నిమిషాలు. అదే నడిస్తే దాదాపు గంట. పెద్ద చక్రాల పాత రకం సైకిలు ఒక్క చుట్టు తొక్కితే అయిదు మీటర్లకు పైగా ముందుకు పోతుంది. మనిషి అడుగు ముప్పావు మీటరు దాటదు. నడకకూ సైకిలుకూ ఉన్న తేడా అంతా అక్కడే ఉంది.

రెండు కిలోమీటర్ల నుంచి అయిదు కిలోమీటర్ల దాకా సైకిలుది పైచేయి. పట్నంలో ఈ దూరానికి స్కూటరు కూడా సిగ్నళ్లు, పార్కింగు కలుపుకుంటే పెద్దగా ముందు చేరేది ఉండదు. ఏడెనిమిది కిలోమీటర్లు దాటితే అలవాటున్న వాళ్లకే. పది దాటితే రోజూ కష్టం, బస్సుకో రైలుకో పోవడమే మేలు. కాబట్టి "సైకిలు మంచిదా కాదా" అని అడగడం కంటే "మన ఇంట్లో ఏ పని ఎంత దూరం" అని అడగడం మేలు. పాలు, కూరగాయలు, ట్యూషను, గుడి, రేషను కొట్టు, తమ్ముడి ఇల్లు, వీటిలో సగం పైగా మూడు కిలోమీటర్ల లోపే ఉంటాయి.

డబ్బు లెక్క

రోజుకు రానూ పోనూ పది కిలోమీటర్లు, నెలకు ఇరవై అయిదు రోజులు స్కూటరు మీద తిరిగితే 250 కిలోమీటర్లు. లీటరుకు 45 కిలోమీటర్లు ఇస్తే అయిదున్నర లీటర్లు కావాలి. లీటరు నూరు రూపాయలనుకుంటే నెలకు 550 రూపాయలు. సర్వీసింగు, ఇన్సూరెన్సు దీనికి అదనం. గేర్లు లేని సాదా సైకిలు అయిదారు వేలకు వస్తుంది. పెట్రోలు మిగులుతోనే ఏడాదిలోపు దాని ధర చేతికొస్తుంది. 2025 సెప్టెంబరులో సైకిళ్ల మీద జీఎస్‌టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, అదీ కొంత కలిసివచ్చేదే.

అయితే ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. ఇంట్లో స్కూటరు ముందే ఉంటే సైకిలు కొన్నంత మాత్రాన దాని వాయిదా ఆగదు, ఇన్సూరెన్సూ ఆగదు. మిగిలేది పెట్రోలు ఒక్కటే. యానాం వాళ్లకైతే ఆ పెట్రోలు కూడా పక్కనున్న ఆంధ్ర కంటే చౌకే. అసలు ఆదా రెండో స్కూటరు కొనాల్సిన అవసరం తప్పినప్పుడు కనిపిస్తుంది. లక్ష రూపాయల దరిదాపుల్లో ఉండే బండి పనిని ఆరు వేల సైకిలు చేస్తే అది నిజమైన మిగులు.

ఒంటికి మేలెంత?

పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. పనికి వెళ్లడానికి ఇరవై, రావడానికి ఇరవై నిమిషాల చొప్పున వారానికి అయిదు రోజులు తొక్కితే 200 నిమిషాలు అవుతుంది. వ్యాయామానికని వేరే సమయం తీయనక్కర్లేదు. మగ్గాల మీద, కొట్లో గల్లాపెట్టె దగ్గర, కంప్యూటరు ముందు గంటల తరబడి కూర్చునే మనవాళ్లకు ఇది పెద్ద మాటే. బరువు మోకాళ్ల మీద కాక సీటు మీద పడుతుంది కాబట్టి, నడిస్తే నొప్పి అనే వాళ్లు కూడా కొందరు తొక్కగలుగుతారు. గుండె జబ్బు, తల తిరగడం ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి.

ఆడపిల్లలకు సైకిలు ఏం చేసింది?

దీనికి మన పక్కనే మంచి ఉదాహరణ ఉంది. తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో 1990ల మొదట్లో అరివొళి ఇయక్కం అనే అక్షరాస్యత ఉద్యమం నడిచింది. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ చదువుతో పాటు ఆడవాళ్లకు సైకిలు నేర్పించడాన్నీ అందులో చేర్చారు. లేడీస్ సైకిళ్లు చాలకపోతే జెంట్స్ సైకిళ్ల మీదే నేర్చుకున్నారు. అడ్డకడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని కొందరు అదే మేలన్నారు కూడా. లక్ష మందికి పైగా నేర్చుకున్నారని దీని గురించి రాసిన పాత్రికేయుడు పి. సాయినాథ్ అంచనా. ఈ సాయినాథ్ మరెవరో కాదు, బ్రహ్మపురంలో పుట్టిన మన వి.వి. గిరి మనుమడే. నీళ్ల బిందెలు, సంతకు సరుకు, పిల్లల బడి, ఈ పనులకు మగవాళ్ల కోసం, బస్సు కోసం ఎదురుచూడటం తప్పిందని ఆ ఆడవాళ్లు చెప్పుకున్నారు.

బీహారులో 2006లో తొమ్మిదో తరగతి బాలికలకు సైకిలు పథకం పెట్టారు. దాని ఫలితాన్ని పరిశీలించిన ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిషీథ్ ప్రకాశ్ ఉన్నత పాఠశాలలో వయసుకు తగ్గ తరగతిలో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగిందని, మగపిల్లలతో ఉన్న తేడా 40 శాతం తగ్గిందని తేల్చారు. ఆ మేలు ఎక్కువగా కనిపించింది బడి మూడు కిలోమీటర్లు, అంతకు పైగా దూరమున్న ఊళ్లలో. మన తెలుగు బడుల దూరం గుర్తు చేసుకుంటే ఈ సంగతి మనకెంత దగ్గరిదో తెలుస్తుంది.

ఇక కష్టాల సంగతి

మొదటిది రోడ్డు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,000 మందికి పైగా చనిపోతే, వాళ్లలో సైకిలు మీద వెళ్తున్నవాళ్లు 4,800 మందికి పైగా ఉన్నారు. మోటారు ద్విచక్ర వాహనాల మీద పోయినవాళ్లు దాదాపు 75,000 మంది. మొదటి అంకె చిన్నదని ధీమా పడటానికి లేదు. రోడ్డు మీద సైకిళ్లే తక్కువ, పైగా లారీ తగిలితే సైకిలు మనిషిని కాపాడేది ఏదీ లేదు. హోసూరు మీదుగా పోయే జాతీయ రహదారి లాంటి చోట పిల్లలను సైకిలు మీద పంపడం తప్పే. రెండు కిలోమీటర్లు చుట్టయినా ఊరి లోపలి దారే దారి.

రెండోది ఎండ. హోసూరు, బెంగళూరు ఎత్తు మీదున్నవి కాబట్టి కొంత నయం. బళ్లారి, రాయచూరు, షోలాపూర్‌లలో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటుతుంది. పది గంటల తర్వాత, నాలుగు గంటల లోపు తొక్కడం పెద్దవాళ్లకూ మంచిది కాదు. ఆఫీసుకు వెళ్లేవాళ్లకు చెమట ఒక చిక్కు. ఒక జత బట్టలు సంచీలో ఉంచుకోవాలి. వానాకాలంలో బ్రేకు రబ్బర్లు తడిస్తే పట్టు తగ్గుతుంది, నీళ్లు నిలిచిన చోట గుంత కనిపించదు.

మూడోది బరువు. ఇద్దరు పిల్లలు, బియ్యం బస్తా, గ్యాసు సిలిండరు లాంటి వాటికి సైకిలు సరైన బండి కాదు. ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తే అసలే కాదు. నాలుగోది దొంగతనం. తాళం వేసినా ఎత్తుకుపోతారు, ఇన్సూరెన్సు అలవాటూ మనకు లేదు.

అయిదోది పైకి చెప్పుకోనిది, నామోషీ. "ఇంకా సైకిలేనా?" అని చుట్టాలు అంటారని పదేళ్లు తొక్కిన మనిషి కూడా వాయిదాల మీద బండి కొంటాడు. ఒకప్పుడు సైకిళ్ల ఊరని పేరున్న పుణేలో కూడా మోటారు బండ్లు వచ్చి రోడ్లు నిండిపోయాక సైకిళ్లు పక్కకు తప్పుకున్నాయి. 2011 జనాభా లెక్కల నాటికి దేశంలో నూటికి దాదాపు 45 ఇళ్లలో సైకిలు ఉంది. ఉండటం వేరు, వసారాలో తుప్పు పట్టకుండా రోజూ రోడ్డెక్కడం వేరు.

ఉచిత సైకిలు ఎప్పుడొస్తుంది?

తమిళనాడులో 2001-02లో ఎస్సీ, ఎస్టీ బాలికలతో మొదలైన ఉచిత సైకిలు పథకం తర్వాత అన్ని వర్గాల పిల్లలకూ విస్తరించింది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో పదకొండో తరగతి పిల్లలకు ఇస్తారు. కర్ణాటకలో 2006-07 నుంచి ఎనిమిదో తరగతిలో ఇచ్చేవారు, కోవిడ్ ఏళ్లలో అది ఆగిపోయింది. ఒడిశాలో తొమ్మిదో తరగతి పిల్లల కోసం పథకం పెట్టారు.

తమిళనాడులోని మనవాళ్లు గమనించాల్సింది ఇక్కడే ఉంది. సైకిలు వచ్చేది పదకొండులో. బడి మారి దూరం పెరిగేది చాలామందికి తొమ్మిదిలో. మధ్యలో రెండేళ్లు ఖాళీ. మన పిల్లలు తెలుగు మాధ్యమం వదిలేసే ప్రమాదం ఉన్నదీ సరిగ్గా ఆ రెండేళ్లలోనే. ఎలాగూ సర్కారు ఇస్తుందని ఆగితే బడి మారిపోతుంది. వీలైతే తొమ్మిదిలోనే ఒక సైకిలు కొనాలి, కొత్తది కుదరకపోతే పాతదైనా సరే. పన్నెండు పూర్తయిన పక్కింటి పిల్లల సైకిలు వాడకుండా ఉంటే అడిగి తీసుకోవచ్చు. మన సంఘాలు పండక్కి శాలువాలు కప్పే ఖర్చులో కొంత తగ్గించుకున్నా ఊరికి నాలుగు సైకిళ్లు వస్తాయి.

పిల్లల చేతికి స్కూటరు ఇచ్చే ముందు

సైకిలు కష్టమని పదిహేనేళ్ల పిల్లాడికి స్కూటరు తాళం ఇచ్చే ఇళ్లు ఉన్నాయి. 50 సీసీ లోపు గేర్లు లేని బండికి 16 ఏళ్లు, మిగతా వాటికి 18 ఏళ్లు నిండితేనే లైసెన్సు. 2019లో మారిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. సైకిలుకు లైసెన్సు లేదు, రిజిస్ట్రేషను లేదు. 250 వాట్ల లోపు మోటారుతో, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగంతో నడిచే కరెంటు సైకిలుకూ అవి అక్కర్లేదు. ధర పాతిక, ముప్పై వేల దాకా అవుతుంది కానీ, ఎత్తుపల్లాలున్న ఊళ్లలో నడివయసు వాళ్లకు అది మంచి మధ్యే మార్గం.

కొనే ముందు, బయల్దేరే ముందు

పిల్ల ఎదుగుతుందని పెద్ద సైకిలు కొనకండి. సీటు మీద కూర్చుంటే కాలి మునివేళ్లు నేలకు తగలాలి, తొక్కు కిందికి వచ్చినప్పుడు మోకాలు కొంచెమే వంగాలి. సీటు మరీ దించేస్తే మోకాళ్లు నొప్పి పుడతాయి. చీర, లంగా, చున్నీ చిక్కకుండా చైనుకు పూర్తి కవరు, వెనక చక్రానికి వల ఉండాలి. వెనక ఎర్ర రిఫ్లెక్టరు, ముందు లైటు తప్పనిసరి. వారానికోసారి గాలి, నెలకోసారి చైనుకు నూనె చూసుకుంటే సగం రిపేర్లు రావు.

రోడ్డుకు ఎడమవైపే పోవాలి. ఎదురుగా వచ్చే బండ్లు కనిపిస్తాయని కుడివైపు తొక్కడం చాలా ప్రమాదం. ఆగిన బస్సుకు ఎడమవైపు నుంచి దూరకూడదు. మలుపు తిరిగే ముందు వెనక్కి చూసి చెయ్యి చాపాలి.

అన్నిటికంటే ముఖ్యమైన పని ఒకటుంది, దానికి ఖర్చు లేదు. బడి తెరిచే ముందు ఒక ఆదివారం పొద్దున పిల్లతో పాటు మీరూ ఒక సైకిలు తీసుకుని ఆ దారంతా తొక్కండి. ఎక్కడ కుక్కలున్నాయో, ఎక్కడ లారీలు తిరుగుతాయో, ఎక్కడ పంక్చరు వేసే మనిషి ఉన్నాడో, సాయంత్రం ఎక్కడ దీపాలు వెలగవో ఇద్దరూ కలిసి చూడండి. దారి బాగోలేదని తేలితే పంపొద్దు, పంచాయతీలో అడగండి, ఒకే దారిన పోయే నలుగురు పిల్లలను జట్టు కట్టించండి. దారి బాగుందని తేలితే మాత్రం "దూరం" అన్న మాటను ఇంట్లోంచి తీసేయండి. ఇరవై నిమిషాల దారి కోసం పిల్ల తెలుగు చదువు వదులుకోవాల్సిన పని లేదు.