డయాలసిస్ రోగులకు ‘పారాథైరాయిడ్’ ముప్పు
ఎముకల నొప్పులు, దురదను నిర్లక్ష్యం చేయరాదు

నార్సింగి: మూత్రపిండాలు విఫలమై డయాలసిస్ చేయించుకుంటున్నవారు ఎముకల నొప్పులు, ఎడతెగని దురద, కండరాల నిస్సత్తువను కేవలం నీరసంగా భావించి ఊరుకోరాదు. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు అదుపు తప్పడమూ అందుకు కారణం కావచ్చు. కొందరిలో ఏ లక్షణమూ కనిపించకుండానే ఈ సమస్య ముదురుతుంది.

ఎందుకు వస్తుంది?
థైరాయిడ్ వెనుక బియ్యపు గింజంత గ్రంథులు సాధారణంగా నాలుగు ఉంటాయి. రక్తంలో క్యాల్షియం తగ్గినప్పుడు ఇవి హార్మోన్‌ను విడుదల చేసి, ఎముకల నుంచి దానిని రప్పిస్తాయి. మూత్రపిండాలు దెబ్బతిన్నప్పుడు భాస్వరం బయటకు పోక పేరుకుంటుంది. విటమిన్-డి శరీరానికి ఉపయోగపడే రూపంలోకి మారదు. క్యాల్షియం తగ్గుతుంది. దీంతో గ్రంథులు విరామం లేకుండా పనిచేసి వాచిపోతాయి. ఎముకలు గుల్లబారి విరిగే ప్రమాదం పెరుగుతుంది. రక్తనాళాల గోడల్లో క్యాల్షియం పేరుకుని గుండెకూ ముప్పు తెస్తుంది.

పరీక్షలు
మూత్రపిండాల వ్యాధి మూడో దశ నుంచే క్యాల్షియం, భాస్వరం, పారాథైరాయిడ్ హార్మోన్ పరీక్షలు అవసరం. డయాలసిస్ రోగులకు మొదటి రెండింటిని 1-3 నెలలకు, హార్మోన్‌ను 3-6 నెలలకు ఒకసారి పరీక్షించాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. వీరిలో హార్మోన్ సాధారణ గరిష్ఠ పరిమితికి 2 నుంచి 9 రెట్ల మధ్య ఉండవచ్చు. మరీ తగ్గినా ఎముకలకు చేటే.

ఆహారంలో జాగ్రత్తలు
రాత్రి షిఫ్టుల ఐటీ కారిడార్‌లో సులువుగా దొరికే కోలా పానీయాలు, నిల్వ మాంసం, ప్యాకెట్ ఆహారంలో కలిపే భాస్వర లవణాలు పప్పుల్లోని భాస్వరం కంటే త్వరగా ఒంటబడతాయి. అలాగని మాంసకృత్తులు మానరాదు. డయాలసిస్ రోగులకు అవి ఎంతో అవసరం. భాస్వరాన్ని తగ్గించే మాత్రలను భోజనంతోపాటే వేసుకోవాలి. ఖాళీ కడుపున వేసుకుంటే ఫలితం అంతగా ఉండదు. నొప్పులు తగ్గుతాయని క్యాల్షియం మాత్రలను సొంతంగా కొని వాడటం ప్రమాదకరం.

చికిత్స
అవసరాన్ని బట్టి క్రియాశీల విటమిన్-డి, సినాకాల్సెట్ వంటి మందులు ఇస్తారు. మందులకు లొంగకపోతే శస్త్రచికిత్సతో గ్రంథులను తొలగిస్తారు. ఆ తర్వాత క్యాల్షియం ఒక్కసారిగా పడిపోవచ్చు గనుక ఆస్పత్రిలో పర్యవేక్షణ తప్పనిసరి. నగరంలోని నిమ్స్, ఉస్మానియా ఆస్పత్రుల్లో మూత్రపిండ వైద్య విభాగాలు ఉన్నాయి. డయాలసిస్‌కు వెళ్లినప్పుడు హార్మోన్ పరీక్ష ఎప్పుడు చేశారో, మళ్లీ ఎప్పుడు చేయాలో రోగులు అడిగి తెలుసుకోవడం మేలు.