పగటి వేషానికి పరీక్ష ఊరి కన్నే

ఆదోని: సుగ్గి రోజుల్లో ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో ఎన్నో ఇళ్లకు తాళాలే కనిపిస్తాయి. జనం గుంటూరు వైపు మిరపకోతకు పోతారు. ముసలివారు, పిల్లలు మిగులుతారు. అప్పుడు కొత్త మనిషి వీధిలోకి వస్తే, "ఎవురప్పా నువ్వు? యాడ్నుంచి వచ్చినావు?" అని అరుగు మీది అవ్వ అడిగి తీరుతుంది.

ఆ ప్రశ్న పడకుండా దాటిపోవడమే పగటి వేషగాని గొప్ప. ఊళ్లో కొన్నాళ్లు మకాం వేసి రోజుకొక వేషం కట్టేవారు. ఒకనాడు బైరాగి, ఒకనాడు ఎరుకలసాని, మరొకనాడు పిట్టలదొర. అర్ధనారీశ్వర వేషంలో ఒకే మనిషి ముఖంలో సగానికి తెర అడ్డుపెట్టుకుని శివుడూ పార్వతీ అయ్యేవాడు. చివరి రోజు మామూలు బట్టల్లో వచ్చి సంభావన అడిగితే, మోసపోయినవారే నవ్వుతూ గింజలు పోసేవారు.

ఇందులో కిటుకు ఒకటుంది. ఊరికే చూసే కన్ను వేరు, అనుమానంతో చూసే కన్ను వేరు. 1974లో అమెరికాలో వెలువడిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటలో దీనికి లెక్కే కట్టారు. బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర పట్టి కథ నడిపే ఆట అది. 2014 నాటి నిబంధనల్లో, కాపలావాడు ప్రత్యేకంగా వెతకకపోయినా అతని చూపుకు ఒక అంకె ఉంటుంది. 10కి అతని నేర్పు కలిపితే ఆ అంకె వస్తుంది. మసక వెలుతురైతే 5 తగ్గుతుంది. మారువేషగాడు ఇరవై ముఖాల పాచిక వేసి, తన నేర్పు కలిపి ఆ అంకెను అందుకోవాలి. కాపలావాడికి అనుమానం వచ్చి నిలదీస్తే అతనూ పాచిక వేస్తాడు.

ఆటలో దొరికిపోతే మళ్లీ ఆడవచ్చు. ఊళ్లో అలా కాదు. 2018లో పిల్లలను ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారని ఫోన్లలో పుకార్లు పాకాయి. ఆ ఏడాది జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రాయిన్‌పాడలో, భిక్షాటనకు వచ్చిన సంచార జాతివారు ఐదుగురిని జనం కొట్టి చంపారు. వారు ఎవరినీ ఎత్తుకుపోలేదు.

దొంగ అధికారి వేషం వేసినవాడు సొమ్ముతో మాయమవుతాడు. పగటి వేషగాడు చివరి రోజు తానే బయటపడతాడు. అనుమానం వస్తే పేరు, ఊరు అడగండి. తీరకపోతే 112కు ఫోన్ చేయండి. అవ్వ అడగడంలో తప్పు లేదు. జవాబు వినకముందే చెయ్యెత్తడమే తప్పు.