రోజుకో ఇంగ్లీష్ పదం: మన షార్ నుంచే మొదలుపెడదాం

చాలామంది రోజూ యాప్‌లో ఒక కొత్త పదం చూస్తారు, అర్థం చదువుతారు, స్క్రీన్‌షాట్ తీసి పెడతారు. ఏడాదికి 365 పదాలు. కానీ ఇంటర్వ్యూలో కూర్చున్నాక వాటిల్లో ఒక్కటీ నోటికి రాదు. ఎందుకంటే మనం పదం నేర్చుకున్నాం, అది ఎక్కడ వాడాలో నేర్చుకోలేదు.

మన సూళ్లూరుపేట వాళ్లకి బాగా తెలిసిన రెండు సంగతులు చెప్తా.

2019 జూలై 15, తెల్లవారుజామున చంద్రయాన్-2 వెళ్లాలి. ఇంకా 56 నిమిషాలుందనగా సాంకేతిక లోపం కనిపించి ఆపేశారు. ఆ రోజుకి ప్రయోగం లేదు. దీన్ని 'కాల్డ్ ఆఫ్' అంటారు. మళ్లీ జూలై 22న ఎగిరింది.

2023 అక్టోబర్ 21, గగన్‌యాన్ టెస్ట్ వెహికల్. సరిగ్గా 5 సెకన్ల ముందు కంప్యూటర్ కౌంట్‌డౌన్ ఆపేసింది. ఇది 'హోల్డ్'. కారణం కనుక్కుని, సరిచేసి, అదే రోజు ఉదయం 10 గంటలకి ప్రయోగించారు.

తెలుగులో రెండిటికీ "ఆగిపోయింది" అనేస్తాం. ఇంగ్లీష్‌లో తేడా పెద్దది. హోల్డ్ అంటే ప్రస్తుతానికి ఆపారు, మళ్లీ కదలొచ్చు. కాల్డ్ ఆఫ్ అంటే అనుకున్నది ఇక జరగదు, కావాలంటే ఇంకో తేదీ పెట్టుకోవాలి. రేపు మీ మెయిల్‌కి "యువర్ ఆఫర్ ఈజ్ ఆన్ హోల్డ్" అని వస్తే ఉద్యోగం పోయిందని కూలబడకండి. ఎప్పటికి తేలుతుందో మర్యాదగా అడగండి, ఈలోపు వేరే చోట్ల కూడా అప్లై చేస్తూ ఉండండి.

మరి ఎలా నేర్చుకోవాలి? నోట్‌బుక్‌లో పదం రాయండి, పక్కనే మీ జీవితంలోంచి ఒక వాక్యం రాయండి. "ద క్రికెట్ మ్యాచ్ వాజ్ కాల్డ్ ఆఫ్ బికాజ్ ఆఫ్ రెయిన్." చాలు. దాన్ని పైకి చదవండి.

తర్వాత మరుసటి రోజు, మూడో రోజు, వారానికి, నెలకి మళ్లీ చూడండి. అయితే అర్థం మూసిపెట్టి, ముందు గుర్తు తెచ్చుకోవాలి. హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే జర్మన్ సైకాలజిస్ట్ తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లో చెప్పింది ఇదే: నేర్చుకున్నది మొదట్లోనే వేగంగా మర్చిపోతాం, గ్యాప్ ఇచ్చి మళ్లీ చదివితే నిలుస్తుంది.

అందుకే వారానికి 5 కొత్త పదాలు, 2 రోజులు పాతవి. లెక్క తగ్గినా పర్లేదు, నోటికొచ్చేవే మనవి.

ఈ రోజు పదం 'హోల్డ్'. మీ సొంత వాక్యం కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం.