భారలోహాలను పట్టే బొగ్గు

బ్యాటరీల తయారీ, లోహపు పూత, తోళ్ల శుద్ధి పరిశ్రమల మురుగునీటిలో సీసం, కాడ్మియం, క్రోమియం వంటి భారలోహాలు ఉంటాయి. ఇవి కుళ్లి నశించవు. పంటల్లోకి, చేపల్లోకి, చివరకు మనిషి ఒంట్లోకి చేరి పేరుకుపోతాయి. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు.

ఈ లోహాలను తొలగించే చవకైన సాధనం బయోచార్. వరి ఊక, వేరుశనగ పొట్టు, పత్తి కట్టె వంటి వ్యర్థాలను గాలి దాదాపు సోకకుండా సుమారు 300 నుంచి 700 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడిచేస్తే ఈ బొగ్గు తయారవుతుంది.

దీని నిండా సూక్ష్మరంధ్రాలు ఉంటాయి. ఉపరితలంపై ఉన్న ఆక్సిజన్ సమూహాలు ధనావేశం గల సీసం, కాడ్మియం అయాన్లను పట్టుకుంటాయి. బొగ్గులోని కాల్షియం, పొటాషియం నీటిలోకి వెళ్తే, వాటి స్థానంలోకి లోహం చేరుతుంది. ఫాస్ఫేట్, కార్బనేట్‌లతో కలిసిన సీసం కరగని లవణంగా మారుతుంది.

నీరు మరీ ఆమ్లంగా ఉంటే హైడ్రోజన్ అయాన్లు పోటీపడి సీసం, కాడ్మియంలపై పట్టును తగ్గిస్తాయి. రుణావేశ రూపంలో ఉండే ఆర్సెనిక్ మామూలు బయోచార్‌కు సరిగా చిక్కదు. అందుకు ఇనుము లవణాలు పట్టించిన బొగ్గు మేలు.

లోహాలు నిండిన బొగ్గును పొలంలో చల్లకూడదు. సజల ఆమ్లంతో కడిగి కొన్నిసార్లు తిరిగి వాడవచ్చు. ఆ తర్వాత ప్రమాదకర వ్యర్థంగానే భద్రంగా పారవేయాలి.